కుడి నుంచి మొదలయ్యే జన్యువు

మా బాపు బతికున్నన్నాళ్లూ ఛత్రినాకలో ఎవరడిగినా, "మా యాదగిరి నెత్తురు దవాఖానల టీవీ నడుపుతడు" అని చెప్పేవాడు. పాల వ్యాపారం తప్ప మరొకటి ఎరగని ఇల్లు మాది. నా ఉద్యోగం గురించి అంతకంటే దగ్గరగా మా బస్తీలో ఇంకెవరూ చెప్పలేదు. జన్యువులను కంప్యూటర్ తెర మీద బొమ్మలుగా చూపించే ప్రోగ్రాములు రాయడం నా పని. అవి వాడలేక జనం విసుక్కుంటే ఎందుకు విసుక్కుంటున్నారో కనుక్కుని మళ్లీ రాయడం అసలు పని. షుగర్ వల్ల కళ్లు మొరాయించడంతో యాభై రెండో ఏట నా అంతట నేనే ఉద్యోగం మానుకున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, ఏం నేర్చుకోవాలని అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది. నాకు ఏ హోదా ఎప్పుడు వచ్చిందో ఇందులో ఉండదు. వచ్చిన హోదాలు కూడా పెద్దవేం కావు. కానీ ఈ రంగంలో నన్ను పదిమందికి తెలిసేలా చేసిన బటన్ ఒకటుంది. ఆ ఆలోచన నాది కాదు. అది ఎవరిదో ఆయన ఉద్యోగం పోవడానికి మాత్రం కారణం నేను. ఆ సంగతి ఇన్నాళ్లూ ఏ సభలోనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. నవ్వుకునే సంగతులు కూడా చాలా ఉన్నాయి కాబట్టి భయపడకుండా చదవండి.

ముందు దావత్, తర్వాత నికా

జన్యువుల జోలికి రాకముందు, తొంభైల మొదట్లో, ఛత్రినాకలో నర్సింగన్న డీటీపీ దుకాణంలో పనిచేశాను. పెళ్లిపత్రికలు, బోనాల కరపత్రాలు, ట్యూషన్ సెంటర్ల ప్రకటనలు మా సరుకు. తెలుగు నేను కొట్టేవాడిని. ఉర్దూ పత్రిక వస్తే, చేత్తో అందంగా రాసే కాతిబ్ ఒకాయన కాగితం మీద రాసి ఇచ్చేవాడు. నేను దాన్ని స్కాన్ చేసి పేజీలో అతికించేవాడిని. ఉర్దూ నాకు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు.

ఒకసారి నాలుగు పేజీల ఉర్దూ పెళ్లిపత్రిక చేశాను. అంచులు బంగారు రంగు, మధ్యలో గులాబీలు. చాలా బాగా వచ్చిందని మురిసిపోయాను. మర్నాడు పెళ్లికూతురి మేనమామ వచ్చి పత్రిక బల్ల మీద పెట్టాడు. కోపంగా కూడా లేడు.

"మియా, గిది పెండ్లికి ముందు పంచాల్నా, అయినంక పంచాల్నా? ముందు దావత్ పెట్టినవ్, తర్వాత నికా చేసినవ్."

ఉర్దూ పుస్తకం కుడివైపు నుంచి తెరుచుకుంటుంది. నేను తెలుగు పత్రికలాగే మడత పెట్టాను. చదివేవాళ్లకు చివరి పేజీలోని విందు మొదట, పెళ్లి తర్వాత వచ్చాయి. అన్నీ మళ్లీ అచ్చు వేశాం. నర్సింగన్న తిట్టలేదు. టీ తాగుతూ ఒక్క మాట అన్నాడు: "చదివేటోడు ఎటు దిక్కు నుంచి వస్తడో చూసి గదరా దర్వాజ పెట్టాలె."

తర్వాత నేను చదివిన లావుపాటి పుస్తకాల్లో కూడా ఇంతకంటే మంచి సూత్రం దొరకలేదు. నర్సింగన్న పదో తరగతి తప్పినవాడు. ఈ పాఠం నాకు పూర్తిగా వచ్చేసిందని అనుకున్నాను.

గాజుల దుకాణం

తొంభైల చివరికొచ్చేసరికి రాత్రి కాలేజీలో ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ఫలక్‌నుమా స్టేషన్‌కు దగ్గర్లో ఒక ట్రస్టు నడిపే పరిశోధన కేంద్రంలో చేరాను. పేరు అనవసరం. కొన్ని కుటుంబాల్లో తరం నుంచి తరానికి దిగే రక్తం జబ్బులకు కారణం వెతికేవాళ్లు. ఆ కేంద్రానికి అధిపతి డాక్టర్ శేషగిరి గారు. తెనాలి వైపు మనిషి. మంచి శాస్త్రజ్ఞుడు. కష్టపడేవారు, కష్టపెట్టేవారు కూడా. ఎదుటివాడు రెండో వాక్యం మొదలుపెట్టేలోపు మొదటి వాక్యానికి జవాబు చెప్పేసేవారు.

ఇక్కడ జన్యువు గురించి కాస్త చెప్పాలి. అది పొడవాటి దారం మీద నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన రాత అనుకోండి. అందులో పనికొచ్చే భాగాలు ఒకచోట ఉండవు. మధ్యలో ఖాళీలు వదిలి ముక్కలు ముక్కలుగా ఉంటాయి. తెర మీద ఒక గీత గీసి, ఆ భాగాలను గీత మీద పెట్టెలుగా చూపిస్తాం. పెట్టె మీద నొక్కితే దానిలోని అక్షరాలు కనిపిస్తాయి. నా ప్రోగ్రాము చేసేది ఇంతే.

మొదటి రూపంలో ఒక్కో జాతి జన్యువుకు ఒక్కో రంగు వేశాను. ఇరవై పైచిలుకు రంగులు. శేషగిరి గారు చూసి చప్పట్లు కొట్టారు. విజయవాడ నుంచి కొత్తగా వచ్చి చేరిన పరిశోధకురాలు మాధవి తల పక్కకు వంచి చాలాసేపు చూసింది.

"లాడ్ బజార్‌లో గాజుల దుకాణానికి వెళ్లినట్టుంది యాదగిరి గారూ. చూడ్డానికి చాలా బావుంది. ఏది కొనాలో తెలియట్లేదంతే."

రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు రంగులు నాలుగుకి తగ్గించాను. చప్పట్లు కొట్టిన పెద్దాయన ఆ మార్పును గమనించనే లేదు. రోజూ వాడే మాధవికి మాత్రం పని సగం తగ్గింది. మీ పని చూసి మెచ్చుకునేవాడు వేరు, దాంతో పనిచేసేవాడు వేరు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటే మీరు చూడాల్సింది రెండోవాడి మొహం.

శేషగిరి గారి దగ్గర కూడా ఒకటి నేర్చుకున్నాను. నా ప్రోగ్రాములో బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే పదింతలు దగ్గరికి తీసుకెళ్లేది. ఆయన దేన్నయినా రెండుసార్లు నొక్కే మనిషి, లిఫ్ట్ బటన్‌తో సహా. వారంలో నాలుగు సార్లు ఫోన్ వచ్చేది.

"యాదగిరీ, నేనెక్కడున్నానయ్యా?"

"మీ గదిలోనే ఉన్నరు సార్."

"అది కాదయ్యా. దీంట్లో."

వెళ్లి చూస్తే లక్షల అక్షరాల మధ్య ఎక్కడో చిక్కుకుని ఉండేవారు. ఆయనకు వాడటం రావడం లేదని మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత ఒకరోజు నేనే తప్పిపోయాను. దాంతో తెర పైభాగంలో దారం మొత్తాన్ని సన్నని పట్టీగా చూపించి, మనం ఉన్న చోట ఎర్ర గుర్తు పెట్టాను. ఆ మర్నాటి నుంచి ఫోన్లు ఆగిపోయాయి. ఆయనకు తెలివి తక్కువై కాదు, నేను దారి చూపకుండా దింపేయడం వల్ల తప్పిపోయేవారు.

ఇలా చిన్న చిన్న మార్పులతో పని చకచకా సాగింది. రెండేళ్లలో నా తెర మీద నాకు నమ్మకం కుదిరింది. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఖలీల్ భాయ్

మా టెక్నీషియన్ ఖలీల్ భాయ్ నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. ఉర్దూ మీడియంలో ఇంటర్ దాకా చదివి, మిగతాదంతా ల్యాబ్‌లోనే నేర్చుకున్నాడు. రక్తం సీసాల మీద పేర్లు పెన్సిల్‌తో రాసేవాడు. ఇంకు అయితే స్పిరిట్ తగిలి చెరిగిపోతుందని. ఫలక్‌నుమా వెనక గల్లీల్లో ఆయనకు తెలియని ఇల్లు లేదు. మా పరిశోధనకు రక్తం ఇచ్చిన కుటుంబాలన్నీ ఆయన మాట మీద ఇచ్చినవే. సూదంటే ఏడ్చే పిల్లలు కూడా "ఖలీల్ మామూ" అయితే చెయ్యి చాపేవాళ్లు.

తొమ్మిదేళ్లుగా ఏడాదికోసారి పొడిగించే కొలువు ఆయనది. ఆ ఏడాది పర్మనెంట్ చేస్తామని ట్రస్టు మాట ఇచ్చింది.

అప్పుడే ఒక కొత్త జన్యువు మీద పని మొదలైంది. దానికి ఏడు పెట్టెలు. జబ్బుకు కారణమైన తప్పు మొదటి పెట్టెలో ఉందేమోనని అనుమానం. ఆ జన్యువును తెర మీద పెట్టి, పెట్టెలకు ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేసి, టీ వేళకు అందరినీ పిలిచి చూపించాను. ఖలీల్ భాయ్ టీ గ్లాసుతో నా వెనక నిలబడ్డాడు.

"యాదగిరీ, గీ జన్యువు కుడి దిక్కు నుంచి మొదలైతది గదా. నువ్వు ఎడమ నుంచి నంబర్లేసినవ్."

అది నిజం. జన్యుదారం రెండు పేటల తాడు. కొన్ని జన్యువులు ఒక పేట మీద ఎడమ నుంచి కుడికి, కొన్ని రెండో పేట మీద కుడి నుంచి ఎడమకు రాసి ఉంటాయి. ఆ సంగతి నాకూ తెలుసు. గీత చివర బాణం కూడా వేశాను, బియ్యపు గింజలో సగం ఉండే బాణం. అంకెలు వేసే దగ్గర మాత్రం దాన్ని పట్టించుకోలేదు. ఒక్క క్షణం ఆగి చూసుకుంటే సరిపోయేది. కానీ చుట్టూ జనం ఉన్నారు, పెద్దాయన ఉన్నారు, నేను మంచి ఊపులో ఉన్నాను.

"భాయ్, గిది ఉర్దూ అఖ్బార్ కాదు, కుడి నుంచి చదవనీకి" అన్నాను.

గదంతా నవ్వింది. శేషగిరి గారు టీ పొలమారి దగ్గారు. ఖలీల్ భాయ్ కూడా నవ్వాడు. నవ్వి, బల్ల మీద ఉన్న ప్రింటు కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి కిటికీ అద్దానికి ఆనించాడు. ఎండలో బొమ్మ వెనక నుంచి స్పష్టంగా కనిపించింది.

"గిట్ల చూడు. ఇప్పుడు నీ లెక్కనే ఎడమ నుంచి మొదలైతుంది. పట్టాల మీద నిలబడ్డ రైలుల మొదటి డబ్బా ఏదంటే, ఇంజన్ ఎటుందో చూస్తవా, నువ్వు ఎటు నిలబడ్డవో చూస్తవా?"

"భాయ్ కాయిదం గూడ ఉల్టా చేసిండు" అన్నాను. మళ్లీ నవ్వులు. ఆ రోజు నుంచి ఆయన పేరు ల్యాబ్‌లో 'ఉల్టా భాయ్' అయింది. పిలిస్తే పలికేవాడు. కానీ ఆ తర్వాత నా తెర గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. నా ప్రోగ్రాములో ఇక వంక పెట్టేందుకు ఏమీ లేదు కాబోలు అనుకున్నాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగండి. వాడేవాళ్లు ఫిర్యాదు చేస్తున్నంత కాలం మీ పని బతికున్నట్టు. వాళ్లు ఊరుకున్నారంటే రెండే కారణాలు. మీ ప్రోగ్రాము బాగుండాలి, లేదా మీరు బాగోలేకపోవాలి. మొదటిది చాలా అరుదు.

ఒక్క వాక్యం

ఏ పెట్టెను చదవాలన్నా, దాన్ని పట్టుకొచ్చే చిన్న జన్యు ముక్కలను బయటి నుంచి తెప్పించుకోవాలి. వాటిని ప్రైమర్లు అంటారు. ఎవరికి తోచిన పటం వాళ్లు చూసి ఆర్డర్లు పెడుతున్నారని, ఇకపై నా తెర ప్రింటు జతచేస్తేనే ఆర్డరు వెళ్లాలని శేషగిరి గారు నియమం పెట్టారు. ఖలీల్ భాయ్ ఒకటో పెట్టెకు ప్రైమర్లు కావాలని కాగితం నింపి, నా తెర ప్రింటు జతచేసి, సంతకం పెట్టాడు.

నెలలు గడిచాయి. ఒక్క కుటుంబంలోనూ తప్పు కనిపించలేదు. మాధవికి అనుమానం వచ్చి, చదివిన అక్షరాలను పాత పరిశోధనలతో పోల్చి చూసింది. మధ్యాహ్నం మా గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడింది. మేం ఒకటో పెట్టె అనుకుంటూ ఇన్నాళ్లూ ఏడో పెట్టె చదివాం. సేకరించిన రక్తం చాలావరకు అయిపోయింది. ఆ పిల్లలకు మళ్లీ సూది గుచ్చాలి.

ఆ సాయంత్రం నా ప్రోగ్రాము తెరిచాను. అంకెలు వేసే చోట దిశ చూడని ఒకే ఒక్క వరుస. దిద్దడానికి పది నిమిషాలు పట్టింది. దిద్దాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు శేషగిరి గారు నన్ను, మాధవిని, ఖలీల్ భాయ్‌ని పిలిచారు. ఆర్డరు కాగితం బల్ల మీద ఉంది. ఆయన నా వైపు తిరిగారు.

"చెప్పవయ్యా యాదగిరీ. తప్పు స్క్రీన్‌లో ఉందా, మనిషిలో ఉందా?"

"స్క్రీన్ల బాణం ఉంది సార్" అన్నాను. అక్కడ ఆగినా సగం పాపమే అయ్యేది. ఆగలేదు. "ఖలీల్ భాయ్‌కి కుడి నుంచి చదివే అలవాటు గదా."

శేషగిరి గారు తల ఊపారు. ఆ పాత వేళాకోళం అప్పటికే అందరి తలల్లో ఉంది కాబట్టి నా మాట సులభంగా దిగిపోయింది. నిజానికి ఆయన కుడి నుంచి చదివి ఉంటే సరైన పెట్టే దొరికేది. ఎడమ నుంచి చదివింది నేను. ఆ గదిలో ముగ్గురు చదువుకున్నవాళ్లం ఉన్నాం. ఈ చిన్న తర్కం మాలో ఒక్కరం కూడా పైకి చెప్పలేదు. మాధవికి ఆ రోజు తట్టలేదట. నాకు మాత్రం బాగా తెలుసు. ఖలీల్ భాయ్ నా వంక ఒకసారి చూశాడు.

ఎందుకలా చేశానంటే పెద్ద కారణం లేదు. ఆ వారమే నా ప్రోగ్రామును వేరే ఊళ్ల ల్యాబ్‌లకు పంపిద్దామని పెద్దాయన అన్నారు. నా ఇల్లేం పస్తులుండేది కాదు. గర్వం, అంతే.

ఖలీల్ భాయ్ ఫైల్లో 'చదవడంలో పొరపాటు' అని రాశారు. పర్మనెంట్ మాట గాలికి పోయింది. ఏడాది చివర పొడిగింపు కూడా రాలేదు. మిగిలిన ఆ కొద్ది నెలల్లో ఆయన మళ్లీ గల్లీల్లోకి వెళ్లి, ప్రతి ఇంట్లోనూ "తప్పు నాదే, ఇంకొక్కసారి ఇయ్యండి" అని అడిగి, రక్తం తెచ్చి ఇచ్చి వెళ్లాడు. సరైన పెట్టె చదివాక మాధవికి వెతికింది దొరికింది. కేంద్రమంతా మిఠాయిలు పంచారు. నేనూ ఒకటి తిన్నాను.

తిప్పు బటన్

ఆ మరుసటి ఏడాది నా తెరకు ఒక బటన్ పెట్టాను. నొక్కితే జన్యువు మొత్తం అటుది ఇటు తిరిగి, మొదటి పెట్టె ఎడమవైపుకు వస్తుంది. దాని మీద 'తిప్పు' అని తెలుగులోనే రాశాను.

మొదటిసారి ఆర్భాటంగా మాధవికి చూపిస్తే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. రెండు పేటల్లో అక్షరాలు ఒకటి కావు, ఒక దానికి ఎదురుగా దాని జోడీ అక్షరం ఉంటుంది. జన్యువును తిప్పితే అక్షరాలను కూడా జోడీ అక్షరాలుగా మార్చాలి. నేను వరుస మాత్రమే తిప్పాను. "మనిషిని ఇటు తిప్పారు గానీ, చొక్కా అటే ఉంచేశారు" అంది. అది కూడా సరిచేశాక ఆ బటన్‌కు పేరొచ్చింది. నాలుగు ఊళ్ల ల్యాబ్‌ల వాళ్లు అడిగి తీసుకున్నారు. సభలకు పిలిచారు. ఈ ఆలోచన ఎలా తట్టిందని ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు.

"ఒకరోజు కాగితాన్ని తిప్పి కిటికీకి పెట్టి చూస్తుంటే తట్టింది" అనేవాడిని.

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఒక మనిషి లేడు. ఇలాంటి వాక్యాలు తయారుచేయడంలో మనం ఎంత నేర్పరులమో నాకు ఆ సభల్లో తెలిసింది.

మేడ మీద గది

ఉద్యోగం మానుకున్నాక, చదవడానికి లావు అక్షరాలు తప్ప పనికిరాని కళ్లతో ఇంట్లో కూర్చుంటే, చూడకుండా వదిలేసినవన్నీ కనిపించడం మొదలైంది. మాధవికి ఫోన్ చేసి ఖలీల్ భాయ్ ఎక్కడున్నాడో అడిగాను. శేషగిరి గారు రిటైరయ్యాక కేంద్రానికి ఆమే పెద్ద.

"ఈ ప్రశ్న అడగడానికి ఇన్నేళ్లు పట్టిందా యాదగిరి గారూ?" అని, చిరునామా చెప్పింది.

లాడ్ బజార్‌లో గాజుల దుకాణం పైన చిన్న రక్తపరీక్షల గది. ఇరుకు మెట్లు ఎక్కి వెళ్లేసరికి ఒక ముసలామె చేతికి దూది అద్దుతున్నాడు. గడ్డం నెరిసింది. నన్ను చూసి ఏమాత్రం తడబడలేదు.

"పరిగడుపుతోని వచ్చినవా?"

"పరీక్షకు రాలే భాయ్."

"నీ మొకం చూస్తే పరీక్షకు వచ్చినట్టే ఉంది. కూసో."

ముసలామె వెళ్లిపోయాక మొత్తం చెప్పాను. సార్ అడగడానికి ముందు రోజు సాయంత్రమే తప్పు దిద్దానని, తెలిసే ఆ మాట అన్నానని, సభల్లో ఆయన పేరు చెప్పలేదని. ఆయన సీసాల మీద పేర్లు రాస్తూనే విన్నాడు.

"నాకు తెల్సు" అన్నాడు. "మర్నాడు స్క్రీన్ చూసిన. నంబర్లు సరిగ్గ ఉన్నయి. దయ్యం దిద్దుతదా?"

"మరి సార్‌తోని ఎందుకు చెప్పలే?"

"నన్నెవరడిగిన్రు? సార్ అడిగింది నిన్ను."

మాఫ్ చెయ్యమని అడిగాను. ఆయన పెన్సిల్ పక్కన పెట్టాడు.

"చూడు యాదగిరీ. నాకు తెల్సిన ముచ్చటనే నాకు చెప్పనీకి గింత దూరం వచ్చినవ్. ఏం ఫాయిదా? మాధవి మేడమ్ రెండుసార్లు కబురు పెట్టింది, వచ్చి కొత్త పిల్లలకు పని నేర్పియ్యమని. నేను పోలే. ఆ ఫైల్ల నా పేరు మీద గా రాత ఉండంగ ఆ గేటు దాటను. నీకు మనసుల ఏమున్నా నాతో చెప్పుడు నక్కో, వద్దు. కాయిదం మీద రాసి ఫైల్ల పెట్టు."

కొట్టివేతలు

మూడు పేజీలు రాసి మర్నాడు తీసుకెళ్లాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, ల్యాబ్ రిపోర్టు చదివినట్టు చదివి, కొట్టివేయడం మొదలుపెట్టాడు. 'క్షమించరాని నేరం' పోయింది. 'ఆ మహానుభావుడు' పోయింది. నా పశ్చాత్తాపం గురించి రాసిన పేరా మొత్తం పోయింది.

"ఫైల్ల నీ ఏడుపెందుకు? ఏ జన్యువు, ఏ పెట్టె, ఏ వరుసల తప్పు, ఎవడు దిద్దిండు, ఎన్నడు దిద్దిండు. బస్, గంతే."

మూడు పేజీలు ఒక పేజీ అయింది. తిప్పు బటన్ ఆలోచన ఎవరిదో చెప్పే వాక్యం మాత్రం ఉంచమని పట్టుబట్టాను. సరేనన్నాడు. ఆ తర్వాత ఉత్తరం తనవైపు తిప్పుకుని కింద తన చేత్తో ఒక వాక్యం రాయబోయాడు. ఏం రాస్తున్నావని అడిగాను.

"నంబర్లు తప్పని నాకు తెల్సు. తెల్సి గూడ ఆర్డరు మీద దస్తఖత్ చేసిన. నువ్వు నవ్విచ్చినవని అలిగి ఊకున్న. పోతే పోనీ, వాళ్లకే తెలుస్తది అనుకున్న. సూది పొడిచింది పిల్లలకు గదా, నీకు గాదు, నాకు గాదు. గది గూడ రాయాలె."

నేను ఒప్పుకోలేదు. నీ తప్పేం లేదు, నేనే నీ నోరు మూయించాను అని వాదించాను. ఆయన వినలేదు. ఇళ్లల్లో 'తప్పు నాదే' అన్నది ఊరికే కాదన్నాడు. అందులో తన వంతు ఉందట. అది లేకుండా ఉత్తరం ఇస్తే అదీ సగం బొమ్మే అవుతుందన్నాడు. చివరికి ఆ వాక్యం చేరింది. కింద రెండు సంతకాలు పడ్డాయి.

ఇద్దరం ఆటోలో వెళ్లాం. గేటు దగ్గర ఆయన దిగలేదు. నేను ఒక్కణ్నే లోపలికి వెళ్లి మాధవికి ఉత్తరం ఇచ్చాను. రెండుసార్లు చదివింది. పాత ఫైలు తెప్పించి, 'చదవడంలో పొరపాటు' అన్న చోట అడ్డంగా గీత గీసి, పక్కన 'తెరలో తప్పు, జతచేసిన ఉత్తరం చూడండి' అని రాసి సంతకం పెట్టింది. తర్వాత ఫైలు చేత్తో పట్టుకుని తనే గేటు దాకా నడిచి, ఆటోలో కూర్చున్న మనిషికి ఆ పేజీ చూపించింది. ఖలీల్ భాయ్ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. ఆటోవాడికి ఎంతివ్వాలో అడిగి దిగాడు.

లోపల ఆమె గదిలో కంప్యూటర్ మీద నా ప్రోగ్రాము తెరిచి ఉంది. దాని తాజా రూపం, నేను వదిలి వచ్చింది. మాధవి ఆయనకు కుర్చీ చూపించింది.

"ఇప్పుడు చెప్పండి ఖలీల్ గారూ. దీంట్లో ఇంకా ఏమేం తప్పులున్నాయి?"

ఆయన కూర్చుని, మౌస్ పట్టుకుని చాలాసేపు తెరంతా తిరిగాడు. తర్వాత నా వైపు చూశాడు.

"రాస్కో" అన్నాడు.

పెన్ను తీశాను. భోజనాల వేళకు పదకొండు రాశాను. నాలుగోది విన్నప్పుడు కోపం వచ్చింది. ఏడోది రాసేసరికి నాలుగోది నిజమేనని అర్థమైంది. పదకొండోది అయ్యాక ఇక చాలన్నట్టు ఆయన మౌస్ వదిలేశాడు. పన్నెండోది కూడా ఉంటే చెప్పమని అడిగాను.